ముగింపు తెలిశాక మళ్లీ ఆడితే: డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్‌లో ఏ నిర్ణయాలు నిలబడతాయి, ఏవి తేలిపోతాయి

డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అనే వీడియో గేమ్ 2009 నవంబరులో వచ్చింది. అప్పట్లో వైజాగ్‌లో మద్దిలపాలెం, ద్వారకానగర్ చుట్టుపక్కల రూముల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతూ, నలుగురూ డబ్బులేసుకుని కొన్న అసెంబుల్డ్ పీసీ మీద వంతులేసుకుని దాన్ని ఆడిన కుర్రాళ్లకి ఇప్పుడు ముప్పై అయిదు దాటుతున్నాయి. ఋషికొండ ఐటీ ఆఫీసుల్లో కొందరు, స్టీల్ ప్లాంట్ షిఫ్టుల్లో కొందరు, పెళ్లిళ్లై పిల్లల స్కూలు ఫీజుల లెక్కల్లో పడినవాళ్లు కొందరు. వాళ్లలో ఆ పాత గేమ్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, "ఏటి గురూ, కొత్త గేములే దొరకలేదా" అని పక్కవాళ్లు నవ్వినా సరే. ఆడాక వాళ్లు చెప్పేది మాత్రం ఇంచుమించు ఒకే మాట. మొదటిసారి కంటే రెండోసారే బాగుంది అని.

ఇది ఎందుకని అడిగితే వచ్చే జవాబులు రెండు. ఒకటి, పాత రోజుల మీద బెంగ. రెండోది, మొదటిసారి వదిలేసిన క్వెస్టులు, అంటే ఆటలో అప్పగించే పనులు, చూడని మూలలు ఈసారి దొరుకుతాయి కాబట్టి. రెండూ కొంతవరకే నిజం. బెంగే కారణమైతే అప్పట్లో ఆడిన ప్రతి గేమూ ఇప్పుడు బాగుండాలి, కానీ చాలావాటిని రెండు గంటలకే మూసేస్తాం. వదిలేసిన క్వెస్టుల సంగతైతే అది ఓ వారం సరదా. అసలు విషయం వేరే ఉంది: కథ ఎటు పోతుందో తెలియనప్పుడు తీసుకునే నిర్ణయం, తెలిశాక తీసుకునే నిర్ణయం పైకి ఒకలాగే కనిపించినా రెండూ వేరు. మొదటిసారి ఆటగాడు సగం ఊహ మీద, సగం భయం మీద బటన్ నొక్కుతాడు. రెండోసారి ఆ భయం ఉండదు. అప్పుడు కొన్ని నిర్ణయాలు బొత్తిగా తేలిపోతాయి, కొన్ని మొదటిసారి కంటే బరువెక్కుతాయి. ఏది ఏ రకమో తేల్చుకోవాలంటే మళ్లీ ఆడడం తప్ప వేరే దారి లేదు.

తెలిసిన కథని మళ్లీ చూడడం మనకేం కొత్త కాదు. ఉత్తరాంధ్ర ఊళ్లలో తూర్పు భాగవతం చూడ్డానికి కూర్చున్నవాళ్లలో సత్యభామ చివరికి ఏమవుతుందో తెలియనివాడు ఒక్కడూ ఉండడు. అయినా మద్దెల మోత మొదలైతే తెల్లారేదాకా లేవరు, ఎందుకంటే వాళ్లు చూసేది "ఏమవుతుంది" అని కాదు, "ఈ భామ ఎలా చేస్తోంది" అని. గేమ్‌లో అయితే ఇంకో మెలిక ఉంది. ఆ వేషం వేసేది మనమే.

ఆడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. ఫెరెల్డెన్ అనే రాజ్యం మీదకి భూగర్భం నుంచి డార్క్‌స్పాన్ అనే రాక్షస మూక పుట్టుకొస్తుంది, వాటిని నడిపించేది ఆర్చ్‌డీమన్ అనే డ్రాగన్. దాన్ని చంపగలిగినవాళ్లు గ్రే వార్డెన్లు, వాళ్లలో చాలామంది మొదటి యుద్ధంలోనే పోతారు, మిగిలిన కొత్త వార్డెన్ ఊరూరా తిరిగి సైన్యాన్ని కూడగట్టాలి. ఇంతవరకూ మామూలు ఫాంటసీయే. గేమ్ పేరులో ఉన్న ఆరిజిన్స్ ఏమిటంటే, హీరో పుట్టుకకి ఆరు దారులు. మానవుల జమీందారీ బిడ్డ, మంత్రవిద్య తెలిసిన మేజ్, నగరంలో మురికివాడ లాంటి పేటలో బతికే ఎల్ఫ్ (మనిషి కాని ఇంకో జాతి), అడవి ఎల్ఫ్, మరుగుజ్జుల రాజవంశీకుడు, మరుగుజ్జుల్లో కులం లేనివాడు. ఒక్కో దారికీ ఒకటి రెండు గంటల సొంత కథ ఉంటుంది, ఆ తర్వాత అందరూ ఒకే రోడ్డెక్కుతారు. మొదటిసారి ఆడినప్పుడు ఇది చిన్న అలంకారంలా అనిపిస్తుంది. కాదని తెలిసేది రెండో పుట్టుకతో మొదలుపెట్టాకే.

ముందు తేలిపోయే నిర్ణయం సంగతి చూద్దాం. రెడ్‌క్లిఫ్ కోటలో కానర్ అనే పిల్లాడు ఉంటాడు. విషప్రయోగంతో మంచాన పడ్డ తండ్రిని బతికించుకోవాలని ఒక పిశాచంతో ఒప్పందం చేసుకుంటాడు, దానికి ఊరంతా బలవుతుంది. పిల్లాణ్ని చంపేయాలా, వాడి తల్లి ఇసోల్డ్ ప్రాణం బలిచ్చి రక్తవిద్యతో పిశాచాన్ని తరమాలా, లేక కోటని అలాగే వదిలేసి మేజ్‌ల గోపురానికి పోయి సాయం తేవాలా? మొదటిసారి ఇక్కడ చేయి వణుకుతుంది. మేజ్‌ల కోసం పోయి వచ్చేలోపు పిశాచం మళ్లీ లేస్తే, మిగిలినవాళ్లు కూడా పోతే? ఆ టెన్షన్‌తోనే చాలామంది తల్లినో పిల్లాడినో పోగొట్టుకుంటారు. రెండోసారికి తెలిసిపోతుంది, గడియారం ఏమీ నడవడం లేదని. గోపురంలో మేజ్‌లని బతికించి ఉంటే చాలు, తాపీగా పోయి తాపీగా వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కుతారు, ఏ నష్టమూ జరగదు. అంటే ఆ నిర్ణయానికి బరువు తెచ్చింది మన అజ్ఞానమే, దాని లోపల ఇంకేమీ లేదు. మొదటిసారి అంత గొప్పగా అనిపించిన సీన్ రెండోసారి పరీక్షకి ముందే పేపర్ లీకైనట్టు ఉంటుంది. నిజానికి ఆ మూడో దారికి ఏదో ఒక ధర పెట్టి ఉండాల్సింది, అది ఈ గేమ్ రాతలో స్పష్టమైన లోపం.

అదే కోట కింద చెరసాలలో ఇంకొకడు ఉంటాడు, జోవన్. మానవ జమీందారు బిడ్డగా ఆడుతున్నవాడికి వాడు ఎవరో ఒక ఖైదీ, పిల్లాడి తండ్రికి విషం పెట్టినవాడు. ఇనపచువ్వల వెనక నుంచి ఏదో క్షమాపణ చెప్పుకుంటాడు, విని, వదిలెయ్యాలో చంపాలో తేల్చి పైకి పోతాం. మేజ్‌గా ఆడితే ఆ జోవన్ మన చిన్ననాటి స్నేహితుడు. ఆట మొదట్లో వాడి మాట నమ్మి, పారిపోతే వెతికి పట్టుకోడానికని గోపురంవాళ్లు దాచి పెట్టిన వాడి రక్తపు సీసాని దొంగచాటుగా పగలగొట్టడానికి సాయం చేసి ఉంటాం, లేదా పెద్దలకి చెప్పేసి ఉంటాం. రక్తవిద్య నేర్చుకున్నావా అని అడిగితే లేదన్నవాడు, ఆఖరి నిమిషంలో అదే విద్య వాడి పారిపోయి మనల్ని ఇరికించి ఉంటాడు. అదే చెరసాల, అదే చువ్వలు, వాడి మాటలు కూడా చాలావరకూ అవే. కానీ ఈసారి చువ్వలకి ఇవతల నిలబడ్డవాడికి వాడిని కొట్టాలనీ ఉంటుంది, బయటికి లాగాలనీ ఉంటుంది. ఇక్కడ ముందే తెలియడం వల్ల నష్టం లేదు సరికదా, తెలిసినకొద్దీ ఇబ్బంది పెరుగుతుంది.

ఈ గేమ్‌ని మళ్లీ ఆడాల్సిన అసలు కారణం మాత్రం ఓర్జమార్. భూమి కింద మరుగుజ్జుల నగరం. రాజు చనిపోయాడు, సింహాసనం కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారు, ఒకడు రాజు కొడుకు బేలెన్, ఇంకొకడు పెద్దమనిషి హారోమాంట్. చచ్చేముందు రాజు తనని పిలిచి బేలెన్‌కి మాత్రం గద్దె దక్కనివ్వొద్దన్నాడని హారోమాంట్ అంటాడు. ఎవరి పక్షం పడితే వాళ్లకి పనులు చేసిపెట్టాలి. బేలెన్ మనిషి చేతిలో పెట్టే పని, హారోమాంట్ ఒకే భూమిని ఇద్దరు ప్రభువులకి రాసిచ్చాడని చూపించే కాగితాలు తీసుకెళ్లి ఆ ఇద్దరికీ ఇవ్వడం. ఆ కాగితాలు దొంగవి. హారోమాంట్ అడిగే పని, తన తరఫున బరిలో పోటీ చేయమని. ఆయన యోధులు ఎందుకు వెనక్కి తగ్గారయ్యా అంటే బేలెన్ మనుషులు ఒకడికి అబద్ధం చెప్పి, ఇంకొకడిని రహస్యం బయటపెడతామని బెదిరించి ఆపారు. ఇంత చూశాక మొదటిసారి ఆడేవాడికి అనుమానమే ఉండదు. పెద్దాయన మంచోడు, ఈ కుర్రాడు దొంగ. హారోమాంట్‌కి కిరీటం పెట్టి తృప్తిగా బయటపడతాడు.

తర్వాత గేమ్ అయిపోయాక, ఎవరి పాలన ఎలా సాగిందో చెప్పే ముగింపు స్లైడ్లు వస్తాయి. హారోమాంట్ పాలనలో నగరం తలుపులు మూసుకుంటుంది, పాత కట్టుబాట్లు ఇంకా బిగుసుకుంటాయి, కులం లేనివాళ్ల బతుకు మరింత దిగజారుతుంది. బేలెన్ రాజైతే బయటి ప్రపంచంతో వ్యాపారం పెరుగుతుంది, కులం లేనివాళ్లకి కొంత ఊపిరాడుతుంది, అడ్డొచ్చిన మరుగుజ్జు ప్రభువుల సభనే రద్దు చేసి ఒంటిచేత్తో ఏలతాడు. మంచివాడు ఊరిని ముంచాడు, దుర్మార్గుడు బాగుచేశాడు, అది కూడా దుర్మార్గంగానే. అల్లిపురంలోనో గాజువాకలోనో ఏ టీ కొట్టు దగ్గర ఎన్నికలప్పుడు నిలబడ్డా వినిపించే వాదనే ఇది. మనిషి మంచోడే కానీ పని జరగదు, వాడు రౌడీయే కానీ రోడ్డేయించాడు. ఇందులో ముగింపు తెలియడం వల్ల సమస్య తీరిపోదు. రెండు ఫలితాలూ చేతిలో పెట్టుకుని కూడా ఎవరికి కిరీటం పెట్టాలో తేలదు, ఎందుకంటే ఫలితం కోసం ఫోర్జరీని ఒప్పుకుంటామా అన్నది ఏ స్లైడూ చెప్పదు.

ఇంతవరకూ మనిషిగా ఆడినవాడి గోల. ఇప్పుడు కులం లేని మరుగుజ్జుగా మళ్లీ మొదలుపెట్టండి. ఓర్జమార్‌లో కులాలు ఉపమానం కాదు, పుట్టగానే రాసిపెట్టేవి. ప్రభువులు, యోధులు, కమ్మరులు, చేతివృత్తులవాళ్లు, గనివాళ్లు, వర్తకులు, సేవకులు. వీళ్లందరికీ కింద, లెక్కలోకే రానివాళ్లు, ముఖం మీద పచ్చబొట్టు పొడిపించుకుని డస్ట్ టౌన్‌లో బతికేవాళ్లు. నగరం చరిత్ర రాసే పుస్తకాల్లో వాళ్ల పేరు ఉండదు, యోధుల బరిలో దిగితే నేరం. కొడుక్కి తండ్రి కులం, కూతురికి తల్లి కులం వస్తాయి. ఈ ఒక్క నియమం నుంచి ఎంత కథ పుట్టించారో చూడాలి. కులం లేని ఆడపిల్ల ఒక ప్రభువుకి కొడుకుని కంటే, ఆ కొడుకు ప్రభువే. దాంతో తల్లి కూడా ఆ ఇంట చేరుతుంది. అందుకని అందంగా ఉన్న పిల్లలకి పద్యాలు, మర్యాదలు నేర్పించి, మంచి బట్టలు కట్టించి పెద్దిళ్ల మీదకి వదులుతారు. హీరో అక్క రీకా చేసేది అదే పని. దానికి పెట్టుబడి పెట్టేది బెరాట్ అనే పేట దాదా. మొదటి అరగంటలోనే ఇంట్లో తాగి పడిపోయిన తల్లి, అద్దం ముందు తయారవుతూ తమ్ముడికి ధైర్యం చెప్పే అక్క కనిపిస్తారు. ఇంగ్లీషు ఆటగాళ్లకి ఇది ఊహాలోకం కావచ్చు. తెలుగువాళ్లకి ఇందులో విడమరిచి చెప్పాల్సినది ఒక్కటీ ఉండదు, అందుకే ఈ దారిని మనవాళ్లు ఆడితే గేమ్ రాసినవాళ్లు అనుకున్నదానికంటే లోతుగా తగులుతుంది.

అక్కడి నుంచి బయటపడి వార్డెన్ అయి, ఇరవై ముప్పై గంటల తర్వాత అదే నగరానికి తిరిగొస్తే, రీకా రాజభవనంలో ఉంటుంది. చేతిలో కొడుకు. ఆ కొడుకు తండ్రి బేలెన్.

మొదటి ఆటలో అనుమానమే లేకుండా హారోమాంట్‌కి పట్టం కట్టిన చేయి ఇక్కడ ఆగిపోతుంది. దొంగ కాగితాలు మోయించిన బేలెన్ వీడే, బెదిరించిన బేలెన్ వీడే, ఒక్క అక్షరం మారలేదు. మారింది చూసే చోటు. పెద్దమనిషి హారోమాంట్ గౌరవం ఎవరి మెడ మీద నిలబడి ఉందో కింది నుంచి చూస్తే కనబడుతుంది.

ఇది చాలదన్నట్టు మూడో పుట్టుక ఉంది, రాజవంశపు బిడ్డది. అందులో బేలెన్ మన తమ్ముడు. అన్న ట్రియన్ నిన్ను చంపించబోతున్నాడని మన చెవిలో ఊది, ట్రియన్‌ని చంపించి, ఆ హత్య మన మీదకి తోసి, మనల్ని చీకటి సొరంగాల్లోకి వెళ్లగొట్టించేది వాడే. కథ తెలిసినవాడు ఇక్కడ తెలివిగా తప్పించుకుందామని చూస్తాడు. తమ్ముడి మాట నమ్మకుండా, అన్న జోలికి పోకుండా ఆడినా కూడా ట్రియన్ శవం దగ్గర దొరికిపోయేది మనమే. ముందే తెలిసి కూడా ఏమీ చేయలేకపోవడం ఇంకో రకం బాధ, మొదటిసారి ఆడేవాడికి అది దొరకదు. ఆ తర్వాత ఓర్జమార్‌కి తిరిగొచ్చినప్పుడు ప్రశ్న ఇంకా ముదురుతుంది. తనని నాశనం చేసినవాడికే, ఊరికి మంచిదని తెలిసి, కిరీటం పెట్టగలడా? ఒకే క్వెస్టు, ఒకే రెండు బటన్లు, మూడు పుట్టుకల్లో మూడు వేరే నాటకాలు. ఇంత పకడ్బందీగా ఒకే నిర్ణయాన్ని మూడు వైపుల నుంచి కట్టిన గేములు ఈ పదిహేనేళ్లలో కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఇది వీలవడానికి ఒక సాదా సాంకేతిక కారణం ఉంది. ఈ గేమ్‌లో హీరోకి గొంతు లేదు. మనం అనదలచిన మాటలు తెర మీద పూర్తి వాక్యాలుగా వస్తాయి, ఎంచుకుంటాం, ఎదుటివాడు మాట్లాడతాడు. గొంతు రికార్డింగ్ ఖర్చు లేదు కాబట్టి పుట్టుకని బట్టి ఒక్కో చోట ఒక్కో వాక్యం చేర్చడం రాతతో అయిపోయే పని. 2011లో వచ్చిన రెండో భాగంలో హీరోకి గొంతు పెట్టారు, పుట్టుక కూడా ఒకటే, మానవుడు. రెండో భాగానికీ అభిమానులు ఉన్నారు, కానీ మళ్లీ ఆడితే చూసే చోటు మారే ఈ సుఖం అందులో అంతగా లేదు.

ఫెరెల్డెన్ రాజు సైన్యాన్ని నడిపే లోగెయిన్ సంగతి కూడా చెప్పుకోవాలి, గేమ్‌లో అందరూ తిట్టుకునేది అతన్నే కాబట్టి. మొదట్లో వచ్చే ఆస్టగార్ యుద్ధంలో, అక్కడున్న ఒక గోపురం మీద మంట వెలగగానే పక్క నుంచి దాడి చేయాల్సినవాడు, సైన్యాన్ని వెనక్కి తిప్పుకుని పోతాడు, కుర్ర రాజు కెయిలన్ అక్కడే చచ్చిపోతాడు. మొదటిసారి ఇందులో చూడ్డానికి ఏముంది, ద్రోహం. రెండోసారి ఆడితే దానికి ముందు జరిగే చర్చ మీద కన్ను పడుతుంది, మ్యాప్ పరిచిన బల్ల దగ్గర. రాజు పాత కథల్లో వీరుడిలా ముందు వరసలో నిలబడతానంటాడు, పొరుగు రాజ్యం ఓర్లే సైన్యం వచ్చేదాకా ఆగుదామా అంటాడు, లోగెయిన్ ముఖం ఆ మాటకి మాడిపోతుంది. ఓర్లే ఆక్రమణ నుంచి దేశాన్ని విడిపించడంలో సగం జీవితం పోసినవాడు అతను, రైతుబిడ్డగా పుట్టి ఆ యుద్ధంతోనే పైకొచ్చినవాడు. మంట వెలిగించే గోపురాన్ని డార్క్‌స్పాన్ ముందే ఆక్రమించడం వల్ల సంకేతం ఆలస్యమైందన్నది కూడా మనం స్వయంగా ఆడిన ముక్కే, మొదటిసారి దాన్ని ఎవడూ లెక్కలోకి తీసుకోడు. అప్పుడు లోగెయిన్ తన సేనాని కాథ్రియన్‌తో వెనక్కి మళ్లమంటాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయిస్తుంది, మరి రాజు సంగతేమిటని. అతను ఆమె చేయి పట్టుకుని, చెప్పింది చెయ్యమంటాడు. రెండు మూడు సెకన్ల ముక్క అది. చాలా గంటల తర్వాత ఫెరెల్డెన్ ప్రభువుల సభ తలుపు దగ్గర అదే కాథ్రియన్ అడ్డం నిలబడినప్పుడు, ఆమెతో కత్తి దూయకుండా మాటలతోనే దారి వదిలించవచ్చు. ఎందుకు వింటుందో ఆ పాత తటపటాయింపు చూసినవాడికే తెలుస్తుంది.

దానర్థం లోగెయిన్ మంచివాడని కాదు. జోవన్ చేత విషం పెట్టించింది అతనే, నగరంలో ఎల్ఫ్‌ల పేట నుంచి మనుషుల్ని బానిసలుగా అమ్మనిచ్చిందీ అతని పాలనే. విడిగా అమ్మిన రిటర్న్ టు ఆస్టగార్ అనే చిన్న భాగంలో కెయిలన్ ఉత్తరాలు దొరుకుతాయి, ఓర్లే మహారాణితో రాసుకున్నవి, పిల్లల్లేని రాణిని పక్కన పెట్టమని మేనమామ సలహా ఇస్తూ రాసింది. కెయిలన్ రాణి లోగెయిన్ కూతురు. అవి చదివాక అతని మీద కోపం తగ్గకపోవచ్చు, కానీ పిచ్చివాడు అనుకోవడం మాత్రం కుదరదు. మనతో పాటు తిరిగే మంత్రగత్తె మోరిగన్ విషయంలోనూ ఇంతే. ఆమె తల్లి ఆమెని మనతో ఎందుకు పంపిందో ఆఖరి రాత్రి దాకా తెలియదు, తెలిశాక మొదటి శిబిరం నుంచీ ఆమె మాటలన్నీ వేరేగా వినిపిస్తాయి.

పోరాటాలు మాత్రం రెండోసారి హాయిగా ఉంటాయి, అంతకు మించి చెప్పడానికి పెద్దగా లేదు. ప్రాణం పావు వంతుకి తగ్గితే మందు తాగు, శత్రువుల్లో మేజ్ కనిపిస్తే ముందు వాడిని కొట్టు, ఇలా తోటివాళ్లకి ముందే ఆజ్ఞలు రాసిపెట్టే టాక్టిక్స్ పేజీ ఒకటి ఉంది, మొదటిసారి దాని జోలికి పోనివాళ్లే ఎక్కువ. దాన్ని సరిగ్గా రాసుకుంటే సగం యుద్ధాలు వాటంతట అవే గెలుస్తాయి. మానా క్లాష్ అనే మంత్రం ఒక్కటి దొరికితే ఎదుటి మేజ్‌ల పని ఒక్క దెబ్బతో సరి. ఇంకోటి, సెట్టింగ్స్‌లో రక్తపు మరకలు అలాగే ఉండిపోయే ఆప్షన్ ఉంటుంది, ఆపెయ్యండి. లేకపోతే ముఖమంతా నెత్తురుతో నవ్వుతూ ప్రేమకబుర్లు చెప్పే మనుషుల్ని మళ్లీ చూడాల్సి వస్తుంది.

అన్నీ మెరుగవుతాయనుకుంటే పొరపాటు. మేజ్‌ల గోపురంలో వచ్చే కలల లోకం భాగం మొదటిసారీ విసుగే, రెండోసారి ఇంకా విసుగు, ఎలుకగా మారి కన్నాల్లో దూరడం, మళ్లీ మారడం, మళ్లీ దూరడం. అందులో శాశ్వతంగా బలం పెంచే వస్తువులు ఉన్నాయి కాబట్టి వదిలెయ్యలేం. ఆ భాగాన్ని దాటించి ఆ బలాలు మాత్రం ఇచ్చే మాడ్ (గేమ్‌కి బయటి నుంచి చేర్చుకునే మార్పు) ఒకదాన్ని అభిమానులే తయారు చేసుకున్నారంటే అది ఎంత ప్రాణం తీస్తుందో అర్థం చేసుకోవచ్చు. ఓర్జమార్ కింద సొరంగాలు కూడా అవసరం కంటే పొడుగు.

2014 అక్టోబరులో దీన్ని అమ్మే ఈఏ కంపెనీ ఈ గేమ్‌ని తన ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్ని రోజులు ఉచితంగా పంచింది. అదే నెల 12న వైజాగ్ మీద హుద్‌హుద్ పడింది, చెట్లన్నీ రోడ్ల మీదే, కరెంటే లేదు, ఇంక డౌన్‌లోడ్ ఊసెవడెత్తాడు. ఇప్పుడు సేల్‌లో విడిగా అమ్మిన అదనపు భాగాలన్నీ కలిపిన అల్టిమేట్ ఎడిషన్ చవగ్గానే దొరుకుతుంది. పాత 32 బిట్ ప్రోగ్రామ్ కావడంతో కొత్త కంప్యూటర్లలో మెమరీ నిండిపోయి, ముఖ్యంగా ఆటలోని డెనెరిమ్ నగరంలో, ఉన్నట్టుండి మూసుకుపోతుంది. గేమ్‌ని ఎక్కువ మెమరీ వాడుకోనిచ్చే 4 జీబీ ప్యాచ్ వేసుకుంటే చాలావరకూ ఆ తలనొప్పి తగ్గుతుంది.

మొదటిసారి మనిషిగా ఆడి ఉంటే, రెండోసారికి కులం లేని మరుగుజ్జుని తీసుకోవడం మేలు. రాజవంశీకుణ్ని మూడోసారికి ఉంచుకోవాలి. ఆ వరస తప్పిస్తే, అంటే అక్క కథ తెలియకముందే తమ్ముడి ద్రోహం చూస్తే, బేలెన్ మీద కసి ముందే గట్టిపడిపోయి రీకా కొడుకు కూడా ఇంకో శత్రువు బిడ్డలాగే కనిపిస్తాడు. మేజ్ దారి ఎప్పుడు ఆడినా పరవాలేదు, కానీ జోవన్‌ని ఒక్కసారైనా ఊరూపేరూ తెలియని ఖైదీగా చూసినవాళ్లకే అది పూర్తిగా పనిచేస్తుంది.